వెండి రంగు కింద ఉన్న కత్తి



ఇది కాస్త పొడుగు రాత. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. తెలుగు మాట్లాడుతూ అక్షరాలు రాని పిల్లలు మన ఇండ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని చదివి వినిపించండి. అరవంలో రాయమని కొందరు అడుగుతున్నారు కానీ, ఈ కథ చివరికి రెండు తెలుగు అక్షరాల దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే దీన్ని మాత్రం తెలుగులోనే రాస్తున్నాను.

పోయిన నెల సమావేశంలో ఒక మంచి నిర్ణయం జరిగింది. వచ్చే వార్షికోత్సవంలో మన ఇండ్లలోని పాత వస్తువులన్నీ ఒక గదిలో పెట్టి పిల్లలకు చూపించాలని అనుకున్నాం. రాగి చెంబులు, తాటాకు కట్టలు, పాత దస్తావేజులు, ఆయుధ పూజ పీట మీద ఉండే కత్తులు. అంతవరకు బాగుంది. అప్పుడు ముందు వరసలోంచి ఒకరు లేచి, "కత్తులు తెచ్చేవాళ్లు తుప్పుతో తేవద్దండీ, తళతళలాడేటట్టు పాలిష్ పట్టించి తెండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. మా పెద్దమామ కత్తి గుర్తుకు వచ్చింది.

మా అమ్మ పుట్టినిల్లు కోవిల్‌పట్టికి పడమట, నల్లరేగడి ఊరు. అక్కడ పెద్దమామ ఇంట్లో ఒక చూరకత్తి ఉండేది. వెన్ను మందంగా, మొన కాస్త పైకి లేచి ఉండేది. చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. పూజ రోజు మాత్రం దగ్గర నుంచి చూడనిచ్చేవాళ్లు. పిడికి దగ్గరగా వెన్ను మీద చుక్కలు చుక్కలుగా ఏదో రాసి ఉండేది. బిందెల మీద, పళ్లేల మీద పేర్లు కొట్టిస్తామే, అట్లా. అప్పట్లో నాకు తెలుగు చదవడం రాదు.

పన్నెండేళ్ల కిందట మామ ఆ కత్తిని టౌనులో ఒక పట్టరకు పంపించాడు. మనవడి పెళ్లికి ఇల్లంతా సున్నం కొట్టించి, పనిలో పనిగా కత్తికి కూడా మెరుగు పెట్టించాలనుకున్నాడు. అక్కడివాళ్లు తిరిగే ఎమరీ చక్రం మీద పెట్టి అరగదీసి, బఫింగు చేసి, మీద నికెల్ పూత వేసి ఇచ్చారు. ఇప్పుడు దాంట్లో మొహం చూసుకొని మీసం దువ్వుకోవచ్చు.

"మామా, వెన్ను మీద ఏదో రాసి ఉండేది కదా?" అని అడిగాను.

"ఉండేది అల్లుడా. ఇప్పుడు నున్నగా ఉందిలే" అన్నాడు మామ, సంతోషంగానే.

ఆ రెండు మూడు అక్షరాలు ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. మామకూ అరవమే చదవడం వచ్చు. ఎవరి పేరో, ఏ ఊరి పేరో, ఆ చక్రం మీద నిప్పురవ్వలుగా ఎగిరిపోయింది.

పోయింది అక్షరాలు మాత్రమే కాదు. మొన దగ్గర నికెల్ లేచిపోయిన చోట ఇనుము నీలంగా కనబడుతుంది. కత్తి ఉక్కును కాల్చి, నీటిలోనో నూనెలోనో ముంచి గట్టి చేస్తారు. తర్వాత పెళుసుతనం పోవడానికి మళ్లీ కాస్త వేడి చేస్తారు. ఈ రెండో వేడి 200 డిగ్రీలు దాటే దగ్గర ఉక్కు గడ్డి రంగుకు తిరుగుతుంది. సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం వస్తుంది. నీలం దాకా పోయిన అంచులో పాత గట్టిదనం ఉండదు. కొలిమి దగ్గర కూర్చున్న పాత కమ్మరి ఈ రంగు చూసే ఎక్కడ ఆపాలో తెలుసుకునేవాడు. తిరిగే చక్రం మీద నీళ్లు పోయకుండా అదిమిపెడితే, సన్నటి మొన అర నిమిషంలో ఆ రంగు దాటిపోతుంది. మామ కత్తి మెరుస్తుంది కానీ కొబ్బరి పీచు కూడా తెగదు.

ఇక మన వాట్సాప్ గుంపులో తిరుగుతున్న ఒక మాట గురించి చెప్పాలి. "మన ఇండ్లలోని కత్తులన్నీ విజయనగరం నాటి డమాస్కస్ ఉక్కువి" అని ఎవరో పెట్టారు, అరవై మంది దండం గుర్తులు పెట్టారు. మన పెద్దల గొప్పతనం చెప్పుకోవడం తప్పు కాదు. అయితే అసలు కథే చాలా గొప్పగా ఉన్నప్పుడు, దానికి మనం రంగు పూయాల్సిన పని లేదు.

అసలు కథ ఇది. ఇంగ్లీషు పుస్తకాల్లో 'వూట్జ్' అని రాసే ఉక్కు మన దక్షిణాది ఉక్కే. తెలుగులో, కన్నడంలో 'ఉక్కు' అనే మాటే వాళ్ల నోట అట్లా మారిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. మెత్తని ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, ఎండు పుల్లలు, ఆకులు వేసి, మూత మెత్తి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాల్చేవాళ్లు. పుల్ల, ఆకు కాలి బొగ్గయి, ఆ బొగ్గు ఇనుములోకి ఎక్కి ఉక్కు అయ్యేది. 1800, 1801లో మైసూరు, కొంగు సీమల మీదుగా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ పని చూసి రాసినప్పుడు, మూసలో వేసే తంగేడు పుల్లల గురించి చెప్పాడు. సేలం వైపు తంగేడుతో పాటు జిల్లేడు ఆకు కూడా వేసేవాళ్లు. మన పొలం గట్ల మీద ఎవరూ పట్టించుకోని ఆ రెండు చెట్లే ఉక్కులో కలిసినవి. ఈరోడ్ జిల్లా కొడుమణల్ తవ్వకాల్లో ఇనుము, ఉక్కు కొలుముల ఆనవాళ్లు దొరికాయి. కాబట్టి ఈ విద్య మన ముత్తాతలు ఉత్తరం నుంచి మూటగట్టుకొని తెచ్చింది మాత్రమే కాదు, వాళ్లు వచ్చి దిగిన ఈ నేలలోనూ అంతకు ముందే ఉంది.

తెలంగాణలో నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరు ఉంది. దేశాన్ని కొలిచే సర్వేతో పాటు తిరిగిన హెన్రీ వాయ్‌సీ అనే డాక్టరు 1820ల్లో అక్కడి పని చూశాడు. ఆయన రాసింది, ఆయన పోయిన తర్వాత 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ పల్లెటూళ్లోనే మకాం పెట్టి ఉక్కు ముద్దలు కొనుక్కొని పోయేవాడని అందులో ఉంది. 'డమాస్కస్ కత్తి' అని లోకం చెప్పుకున్న వాటిలో మేలైన రకానికి ముడిసరుకు ఇటువంటి పల్లెల నుంచి పోయింది. 1794లో బొంబాయి నుంచి హెలీనస్ స్కాట్ లండన్‌కు ఈ ఉక్కు నమూనాలు పంపించాడు. 1795లో జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి రాయల్ సొసైటీకి వ్యాసం ఇచ్చాడు. తర్వాత కరెంటు విద్యలో పేరు పొందిన మైకేల్ ఫెరడే కూడా, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి, ఈ ఉక్కు గుట్టు తెలుసుకోవడానికి తంటాలు పడ్డాడు.

ఆ ఉక్కులో బొగ్గు అంశం ఎక్కువ, నూటికి ఒకటిన్నర పాళ్ల చుట్టూ ఉంటుంది. తక్కువ వేడిలో, ఓపికగా సాగగొడితే లోపల తెల్లటి గట్టి రేణువులు బారులు తీరుతాయి. పుల్లటి మందు పూసినప్పుడు చుట్టూ ఉన్న ఇనుము నల్లబడి, ఆ బారులు తెల్లగా నిలిచి, పారే నీటి అలల మాదిరి కనబడతాయి. పారశీక పనివాళ్లు దీనికి వాడిన మందు మన నాటువైద్యుల దగ్గర ఉండే అన్నభేది జాతిదే. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ అలలు మీద గీసిన బొమ్మ కాదు, లోహం లోపల ఉన్నవి. పాలిష్ పడితే కనబడకుండా పోతాయి, మళ్లీ మందు పూస్తే పైకి వస్తాయి. కానీ తెలియనివాడు కొలిమిలో పెట్టి తెల్లగా కాలిస్తే ఆ బారులే కరిగిపోతాయి. అప్పుడు ఎన్ని మందులు పూసినా రావు.

ఇంత పేరున్న ఉక్కు ఊరూరా వాడే కొడవలికి, చూరకత్తికి పోసేవాళ్లు కాదు. అది ఖరీదైన సరుకు. ఊరి కమ్మరి మెత్తని ఇనుముతో కత్తి ఒళ్లు చేసి, కోసే అంచుకు మాత్రం సన్నటి ఉక్కు పట్టీ అతికేవాడు. 'ఉక్కు వేయించడం' అని మన తాతలు అనేది ఇదే. అరిగిపోయినప్పుడు మళ్లీ వేయించుకునేవాళ్లు. మన ఇండ్లలో ఉన్న కత్తులు చాలావరకు ఈ రకానివే అయి ఉంటాయి. అది తక్కువతనం కాదు. ఖరీదైన లోహాన్ని ఎక్కడ కావాలో అక్కడే పెట్టిన తెలివి అది.

మరి యుద్ధానికి పోయిన మేలు కత్తులు ఏమైనాయి? ఇది మనందరం తెలుసుకోవలసిన కథ.

1529 ప్రాంతంలో మదురలో విశ్వనాథ నాయకుడు, 1532లో తంజావూరులో చెవ్వప్ప నాయకుడు పాలన మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగు కుటుంబాలు గుంపులు గుంపులుగా ఈ సీమకు వచ్చాయి. మదుర కింద 72 పాళెయాలు ఏర్పడ్డాయి. పాళెగాడు అంటే పన్ను కట్టి, పిలిచినప్పుడు ఆయుధం పట్టుకొని రావలసినవాడు. కత్తి ఉద్యోగంలో భాగం. 1799లో పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీశారు. ఆయన ఇంటి భాష తెలుగు అని మనకు తెలిసిందే. 1801లో మళ్లీ తిరుగుబాటు వచ్చింది, అణచివేశారు. ఆ ఏడాది డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన వేశాడు. పాళెగాళ్ల కోటలు కూల్చాలి, జనం ఆయుధాలు అప్పగించాలి. అప్పటి వరకు పరువుగా నడుముకు కట్టుకున్న వస్తువు ఒక్క ప్రకటనతో నేరమైంది. కొన్ని అప్పగించారు, కొన్ని బావుల్లో వేశారు, కొన్ని గడ్డివాముల్లో దాచారు అని మన ముసలివాళ్లు చెప్పే కథలన్నిటి వెనక ఈ ప్రకటన ఉంది. తర్వాత 1878లో వచ్చిన ఆయుధాల చట్టం మిగిలినదాన్ని కూడా పూజగదిలోకి నెట్టింది.

తంజావూరు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1673లో విజయరాఘవ నాయకుడు యుద్ధంలో పడిపోయి నాయకుల పాలన ముగిసింది. కొన్నేళ్లకే మరాఠా రాజులు వచ్చారు. నాయకుల కాలపు ఆయుధాలు, వాళ్ల తర్వాతివి, అన్నీ కోటలోని ఆయుధశాలలో పేరుకున్నాయి. 1855లో చివరి రాజు శివాజీ మగసంతానం లేకుండా పోయాడు. కంపెనీ రాజ్యాన్ని కలుపుకుంది. 1860ల్లో ఆ ఆయుధశాలను ఖాళీ చేశారు. మంచివని తోచిన కొన్నింటిని ఏరి మద్రాసు మ్యూజియంకు పంపారు. తక్కిన వాటిని విరగగొట్టి పాత ఇనుము కింద అమ్మేశారు. వాల్‌హౌస్ అనే దొర 1878లో ఆ ఆయుధశాల గురించి ఒక వ్యాసం రాశాడు కాబట్టి ఈ మాత్రమైనా తెలుస్తోంది.

మిగిలిన వాటిని ఎగ్మూరు మ్యూజియంలో చూడవచ్చు. కొన్ని సముద్రాలు దాటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూడా ఉన్నాయి. కటారి పిడి ముందు చెయ్యి కాపాడే ఉక్కు రేకును జల్లెడ మాదిరి తొలిచి, యాళి మొహాలు, తీగలు చెక్కారు. పిడి అంత పని మనదే అయినా, చాలా కటారుల అలుగులు ఐరోపా నుంచి ఓడల్లో వచ్చినవి. విదేశీ అలుగుకు ఇక్కడి పిడి తగిలించుకున్నారు. కాబట్టి 'అంతా మనదే' అనేవాళ్లకు, 'ఏమీ మనది కాదు' అనేవాళ్లకు, ఇద్దరికీ ఆ కటారులే జవాబు చెబుతాయి.

రాజుల ఆయుధశాల పాత ఇనుమైపోయింది. ఇక మిగిలింది మన పూజపీటల మీద ఉన్న ఈ చిన్న కత్తులే. వీటిని విరగగొట్టడానికి ఇప్పుడు ఏ కంపెనీ రానక్కర లేదు. ప్రేమతో మనమే ఎమరీ చక్రం దగ్గరికి తీసుకుపోతున్నాం.

ఇక మా ఇంటి కత్తి సంగతికి వస్తాను.

నాన్న వైపు నుంచి మా ఇంట్లో కూడా ఒక చూరకత్తి ఉంది. అలుగు ఒక జాన పైన రెండు వేళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది వెండి రంగే. మా చిన్నతాత ఏటా ఆయుధ పూజకు ముందు సైకిల్ మడ్గార్డుకు, గేటుకు వేసే అల్యూమినియం పెయింటే కత్తికీ ఒక చెయ్యి వేసేవాడు. కత్తి మీద ప్రేమ లేక కాదు. తుప్పు పట్టకూడదనే. ఆయన పోయాక నాన్న కొనసాగించాడు. నేనూ రెండు సార్లు వేశాను. చివరికి రంగు మందం అంచు మీద గోరంత అయింది.

మామ కత్తి గతి చూశాక, దీన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే విప్పాలని నిర్ణయించుకున్నాను. మూడు వారాల సాయంత్రాలు పట్టింది. ఏం చేశానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీలో కొందరు ఇదే చేయబోతారు.

మొదట ఫోటోలు. రెండు వైపులా, వెన్ను, పిడి, పక్కన స్కేలు పెట్టి. తర్వాత పిడిని చూశాను. కొయ్య పిడి, అలుగు తోక దాంట్లోకి దిగి ఉంది, సందులో లక్క పోసి బిగించారు. ఇది ముఖ్యం. లక్క వేడికి కరుగుతుంది, రంగు తీసే మందుకు మెత్తబడుతుంది. కాబట్టి పిడిని, దాని మొదలును పాలిథీన్ చుట్టి గట్టిగా కట్టాను. రంగును పొయ్యి మీద కాల్చి తీస్తే సులువని ఒకాయన సలహా ఇచ్చాడు. ఎప్పుడూ చేయకండి. పాత పెయింటులో సీసం ఉండవచ్చు, ఆ పొగ పీల్చకూడదు. పైగా గడ్డి రంగు, నీలం రంగు కథ ముందే చెప్పాను.

హార్డ్‌వేర్ కొట్టులో రంగు తీసే మందు జెల్లీ మాదిరి డబ్బాలో దొరుకుతుంది. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకొని, మిద్దె మీద గాలిలో కూర్చుని పూశాను. ఆరిపోకుండా పైన పాలిథీన్ కప్పి అరగంట ఆగాను. రంగు పొంగి ముడతలు పడింది. దాన్ని ఇనుప బ్లేడుతో గీకలేదు, వెదురు బద్దను ఉలి మాదిరి చెక్కుకొని దాంతో తీశాను. వెదురు రంగును తీస్తుంది, ఉక్కును గీరదు. ఇట్లా ఐదు సార్లు. వెండి కింద వెండి, దాని కింద మళ్లీ వెండి, ఒకచోట పచ్చ చుక్క. ఆ పచ్చ మా పాత ఇంటి కిటికీలది. అందరికన్నా అడుగున ఎర్ర రెడ్ ఆక్సైడు. అంటే మొదటిసారి చిన్నతాత పద్ధతిగానే ప్రైమరు వేసి మొదలుపెట్టినాడు.

దాని కింద నల్లటి బంక వచ్చింది. ఎన్నో ఏళ్ల మంచినూనె, పసుపు, కుంకుమ, దీపం మసి కలిసి గట్టిపడ్డ పొర. నూనె రాసి వదిలేస్తే గాలికి ముదిరి అట్లా పట్టుకుంటుంది. అక్కడ ఒక పూట ఆగిపోయాను. చిన్నతాత కంటే ముందటి వేళ్లు తాకిన పొర అది. తీసేయాలా అని అనుమానం వచ్చింది. మా ఆవిడ చూసి, "కింద తుప్పు తింటా ఉంటే పైన పసుపు పెట్టుకొని ఏం లాభం?" అనింది. నిజమే. ఒక మూల గోరంత వదిలేసి, తక్కినది కిరసనాయిలులో నానబెట్టి గుడ్డతో తీశాను.

తుప్పు రెండు రకాలు. ఎర్రగా, పొడిపొడిగా రాలేది శత్రువు. నల్లగా, గట్టిగా, పలచగా అతుక్కొని ఉండేది అంత చెడ్డది కాదు, అది లోపలి ఇనుమును కొంతవరకు కాపాడుతుంది. చింతపండులో రాత్రంతా నానబెడితే రెండూ పోతాయి, కింద ఇనుము కూడా గుంటలు పడుతుంది. మన అవ్వలు చింతపండు, ఇటుక పొడి ఇత్తడి చెంబులకు వాడింది అప్పటికప్పుడు తోమి కడగడానికి, నానబెట్టడానికి కాదు. నేను కిరసనాయిలు, మెషిన్ ఆయిలు కలిపి రాసి, రెండు రోజులు ఉంచి, అన్నిటికన్నా సన్నటి రకం స్టీల్ ఊలుతో చేతితో నెమ్మదిగా రుద్దాను. ఎర్రది పోయేదాకా మాత్రమే. నల్లటిది కదిలించలేదు.

అప్పుడు ఉక్కు సంగతి తెలుసుకోవాలనిపించింది. అంచు దగ్గర రూపాయి బిళ్లంత చోట సన్నగా రుద్ది, దూదితో వెనిగర్ పూసి చూశాను. ఐదు నిమిషాలు. నీటి అలలు రాలేదు. వాట్సాప్‌లో దండాలు పెట్టిన అరవై మంది నన్ను క్షమించాలి, ఇది డమాస్కస్ కాదు. కానీ అంచు వెంబడి ఒక సన్నటి గీత తేలింది. గీతకు ఇటు ముదురు బూడిద, అటు తెలుపు. అంచుకు వేసిన ఉక్కు నల్లబడింది, ఒళ్లు ఇనుము తెల్లగా ఉండిపోయింది. ఎవరో ఊరి కమ్మరి దాగలి మీద ఆ రెండింటినీ ఒకటిగా అతికిన చోటు అది. గీత తిన్నగా కూడా లేదు, ఒకచోట కాస్త వంకర పోయింది. ఆ వంకరను ఎంతసేపు చూస్తూ ఉన్నానో నాకే తెలియదు. వెంటనే వంటసోడా నీళ్లతో తుడిచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాశాను.

తర్వాత వెన్ను. అక్కడ రంగు బాగా గట్టిగా పట్టుకొని ఉంది. వెదురు బద్దతో గీస్తుంటే ముందు ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి. పళ్లు తోమే బ్రష్షు తీసుకొని మెల్లగా అన్నాను. 'వెం' అనే అక్షరం. తర్వాత కాస్త ఖాళీ. తర్వాత 'రా'. పైన తలకట్టు చివర ఒక చుక్క పక్కకు జరిగింది, ఉలి జారినట్టుంది.

ఆ రాత్రి మా అత్తకు ఫోను చేశాను. ఆమెకు ఎనభై దాటింది. మా వంశంలో 'వెం' అంటే ఎవరు అని అడిగాను. "వెంకటస్వాములు, వెంకట్రాములు ఎంతమంది లేరు నాయనా! ఇంటికి ఇద్దరు" అని నవ్వింది. కాసేపు ఆగి, "మా జేజికి చదువు లేదు కానీ, ఆ కత్తి మీద పేరు ఉందని చెప్పేది. ఎవరూ నమ్మలేదు" అనింది. అంటే మా ముత్తవ్వ కాలానికి పేరు కనబడేది. రంగు వేసినాక ఆమె మాట కూడా రంగు కిందికి పోయింది.

కత్తికి మెరుపు పెట్టలేదు. ఇప్పుడు అది బూడిద రంగులో, అక్కడక్కడ నల్లమచ్చలతో, తన వయసుకు తగినట్టు ఉంది. మెషిన్ ఆయిలు పలచగా రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టాను. తోలు ఒరలో ఉంచను, తోలు తేమను పట్టుకుంటుంది. పూజ రోజు గంధం, కుంకుమ పిడికే పెడుతున్నాం. తడి గంధం అలుగు మీద రాత్రంతా ఉంటే పొద్దున్నే ఎర్ర తుప్పు లేస్తుంది. పెట్టి తీరాలని పెద్దలు అంటే పెట్టండి, హారతి అయ్యాక తుడిచి నూనె రాయండి. దేవుడికి కోపం రాదు.

ఇప్పుడు సంఘానికి నా మనవి. నిర్వాహకులు దయచేసి దీన్ని తరువాతి సమావేశంలో పెట్టాలి.

కత్తులను పాలిష్ పట్టించి తెమ్మనడం మానుకుందాం. ఉన్నవి ఉన్నట్టు తెమ్మందాం. తుప్పు ఉంటే తుప్పుతో, రంగు ఉంటే రంగుతో. ముందు ప్రతి కత్తికీ ఫోటో తీసి, ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఇంట్లో ఏమని పిలుస్తారు, ఎప్పటి నుంచి ఉందని పెద్దలు చెబుతారు అనేవి ఒక నోటుపుస్తకంలో రాద్దాం. రంగు తీయాలనుకున్నవాళ్లు వెన్ను, పిడి మొదలు ముందు చూడండి, అక్షరాలు ఉండేది అక్కడే. నికెల్ పూత వేయించినవాళ్లు దాన్ని ఇంట్లో తీయబోకండి, దానికి వాడే ఆసిడ్లు మన చేతికి రావలసినవి కావు. మా మామ కత్తిని అట్లాగే ఉంచమని చెప్పాను. అది కూడా గదిలో ఉండాలి. దాని పక్కన పాత ఫోటో ఒకటి దొరికితే పెడదాం. పెళ్లి ఆల్బమ్‌ల్లో వెతుకుతున్నాను.

ఇంకో రెండు మాటలు. ఇల్లు, పొలం పనికి కాని కత్తి, అలుగు 9 అంగుళాలు మించినా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆయుధ నిబంధనల్లోకి వస్తుంది. కాబట్టి ఊరేగింపులో పట్టుకొని నడవడం, సెల్ఫీ కోసం దూయడం వద్దు. గుడ్డలో చుట్టి తెచ్చి, బీరువాలో పెట్టి, అలాగే తీసుకుపోదాం. అలాగే నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. విదేశంలో ఉన్న పిల్లలు గుర్తుగా అడిగినా పెట్టెలో పెట్టి పంపకూడదు. కావాలంటే వాళ్లే వచ్చి చూడాలి. వస్తే మంచిదే కదా.

మీ ఇంటి కత్తి మీద అక్షరాలు ఉంటే, అవి తెలుగో, అరవమో, చదవడానికి రాకపోయినా సరే, ఫోటో తీసి నాకు పంపండి. పిండి చల్లి తుడిస్తే చుక్కలు తెల్లగా కనబడతాయి, అట్లా తీయండి.

మా కత్తి మీది 'వెం', 'రా' ఎవరో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. సాత్తూరు, ఎట్టయపురం చుట్టుపక్కల మీ ఇండ్లలో తాతల పేర్ల పట్టీలు ఉంటే ఒకసారి తిరగేయండి. ఇంటికి ఇద్దరు వెంకటస్వాములు ఉన్నా ఫరవాలేదు. ఒక్కొక్కరినే అడుగుతూ పోతాను.